కెమెరా డిస్‌ప్లేకి గ్లాసా, ఫిల్మా?

కెమెరా వెనక స్క్రీన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయాలా, ప్లాస్టిక్ ఫిల్మ్ సరిపోతుందా అంటే, నా ఓటు గ్లాస్‌కే. దెబ్బ తగిలితే ముందు అది పగులుతుంది, అసలు స్క్రీన్ బతికే అవకాశం ఎక్కువ. ఫిల్మ్ గీతల్ని ఆపుతుంది, అంతే.

కానీ మీది పక్కకి తెరుచుకుని తిరిగే స్క్రీన్ అయితే కాస్త ఆగండి. దాన్ని లోపలికి తిప్పి మూసినప్పుడు బాడీకి, స్క్రీన్‌కి మధ్య ఖాళీ చాలా తక్కువ, అక్కడ 0.3 మిల్లీమీటర్ల గ్లాస్ కూడా కొన్ని మోడళ్లలో సరిగ్గా మూసుకోనివ్వదు, బలవంతంగా నొక్కితే స్క్రీన్ తిరిగే కీలు (హింజ్) మీద భారం పడుతుంది. అలాంటప్పుడు పల్చటి గ్లాసో, ఫిల్మో మేలు.

సైజు చూసి కాదు, మోడల్ పేరు చూసి కొనండి. 3 అంగుళాలు అని రాసున్నా వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 3:2 ఉన్న స్క్రీన్, 4:3 ఉన్న స్క్రీన్ కొలతలు వేరు.

ప్యాకెట్ మీద 9హెచ్ అని గొప్పగా రాస్తారే, అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో గట్టిదనం లెక్క, అసలు గీతలే పడవని కాదు. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు గ్లాస్‌ని కూడా గీస్తుంది.

మ్యాట్ రకం ఎండలో మెరుపు తగ్గిస్తుంది గానీ జూమ్ చేసి ఫోకస్ చూసుకునేటప్పుడు ఫొటో మసకగా కనిపించి చిరాకు పెడుతుంది, నేనైతే వద్దంటాను. టచ్‌కి మాత్రం టెన్షన్ అక్కర్లేదు, పల్చటి గ్లాస్ మీద మామూలుగానే పనిచేస్తుంది.