పాడేవారికి మానిటర్‌లో తన గొంతు వినపడటం లేదు, పెంచితే ఫీడ్‌బ్యాక్. ఏం చేయాలి?

మీరు నలుగురు, డ్రమ్స్, బేస్, గిటార్, వోకల్. సౌండ్ చూసుకోవడానికి వేరే మనిషి లేరు. పాడే ఆవిడకి తన గొంతు తనకు వినపడదు, మానిటర్ (స్టేజ్ మీద పాడేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్) పెంచితే మైక్ కీచుమంటుంది, అదే ఫీడ్‌బ్యాక్. మా బ్యాండ్‌లోనూ బేస్ వాయిస్తూ మిక్సర్ చూసుకునేది నేనే కాబట్టి నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు మానిటర్ జోలికి వెళ్ళకండి. గొంతు వినపడకపోవడానికి చాలాసార్లు కారణం స్టేజ్ మీద మిగతావాళ్ళ మోతే. ముఖ్యంగా గిటార్ యాంప్. అది నేల మీద ఉంటే సౌండ్ వాయించేవాడి మోకాళ్ళకి కొడుతుంది, చెవికి అందదు. అందుకని ఇంకా పెంచుతాడు. మేం మా గిటారిస్ట్ యాంప్‌ని కుర్చీ మీదకెక్కించి, కాస్త వెనక్కి వాల్చి, ఆయన తలవైపు తిప్పాం. రెండు తీగలు మీటి, ఎవరూ అడక్కుండానే వాల్యూమ్ తగ్గించేశాడు. ఆ రోజు మానిటర్ ఏమాత్రం పెంచకుండానే పాట వినపడింది.

తర్వాత మైక్ ఏ రకమో చూడండి. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైక్ సరిగ్గా వెనకనుంచి వచ్చే సౌండ్‌ని అతి తక్కువగా తీసుకుంటుంది, అందుకని మానిటర్ మైక్ తోకకి ఎదురుగా ఉండాలి. బీటా 58ఏ లాంటి సూపర్‌కార్డియాయిడ్‌కి నేరుగా వెనక కొంత వినపడుతుంది. అది అతి తక్కువగా వినేది మైక్ ముందువైపు నుంచి కొలిస్తే దాదాపు 125 డిగ్రీల దగ్గర, కాబట్టి మానిటర్‌ని కాస్త పక్కకి జరపాలి. మైక్ తలని గుప్పిట్లో మూసి పాడే అలవాటుంటే మాన్పించండి. వెనక రంధ్రాలు మూసుకుపోతే మైక్ అన్ని వైపులనుంచీ సౌండ్ లాగేస్తుంది, ఫీడ్‌బ్యాక్ ఖాయం.

మిక్సర్‌లో మానిటర్‌కి వెళ్ళే ఆక్స్ (విడిగా సౌండ్ పంపే దారి) ప్రీ-ఫేడర్‌లో, అంటే వాల్యూమ్ ఫేడర్‌కి ముందే సౌండ్ తీసుకునేలా ఉందా? పోస్ట్‌లో ఉంటే మీరు బయటి స్పీకర్ల కోసం ఫేడర్ కదిపిన ప్రతిసారీ మానిటర్ కూడా మారిపోతుంది. గెయిన్ (మైక్ సౌండ్ మిక్సర్‌లోకి వచ్చేచోటే పెంచే నాబ్) అయితే ఎలాగూ అందరి మానిటర్లనీ మారుస్తుంది, సౌండ్‌చెక్ అయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. వోకల్‌కి 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (అంతకంటే కింది సౌండ్‌ని కోసే ఫిల్టర్) పెట్టండి. ఆవిడ మానిటర్‌లో ఆవిడ గొంతు, శ్రుతి పట్టుకోవడానికి గిటారో కీబోర్డో ఒకటి, అంతే. కిక్ డ్రమ్, బేస్ స్టేజ్ మీద ఎలాగూ వినపడతాయి. రివర్బ్ (గొంతుకి ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) వద్దు.

ఇవన్నీ అయ్యాక మానిటర్‌ని మెల్లగా పెంచుతూ ఏ ఫ్రీక్వెన్సీ ముందు కూస్తోందో పట్టుకుని, ఈక్వలైజర్‌లో అక్కడ మాత్రం సన్నగా 3 నుంచి 6 డీబీ కోయండి. ఎక్కడ కూస్తోందో ఫోన్‌లో ఆర్‌టీఏ యాప్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపేది) చూపిస్తుంది. రెండు మూడు కోతలు చాలు. అంతకు మించితే గొంతు పలచబడుతుంది, అది వినపడక ఆవిడ మళ్ళీ పెంచమంటుంది.

సౌండ్‌చెక్‌కి మీ పాటల్లో అన్నిటికంటే హోరుగా ఉండేది వాయించండి. ఒక్కొక్కరుగా చెక్ చేసినప్పుడు అంతా బాగానే ఉంటుంది, తేడా తెలిసేది అందరూ కలిసినప్పుడే. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది: ఏదైనా పెంచమనే ముందు ఏది తగ్గిస్తే సరిపోతుందో చెప్పాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైపోయింది.

ఇన్-ఇయర్స్‌కి (చెవిలో పెట్టుకునే మానిటర్లు) మారితే ఈ గొడవ చాలావరకు పోతుంది. డిజిటల్ మిక్సర్ ఉంటే ఎవరి మిక్స్ వాళ్ళు ఫోన్‌లోనే చేసుకోవచ్చు (మిక్సర్‌లో ఉండే వైఫైని నమ్మకుండా విడిగా రూటర్ పెట్టుకోండి). కానీ ఒక చెవిలోది తీసేసి వాయించనివ్వకండి, రెండో చెవిలో తెలీకుండానే పెంచేస్తారు. వినికిడి విషయంలో అమెరికా సంస్థ నియోష్ చెప్పే పరిమితి 85 డీబీ దగ్గర రోజుకి 8 గంటలు, ప్రతి 3 డీబీకీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డీబీ దగ్గర పావుగంటే. లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపేది) తప్పనిసరిగా పెట్టండి.

మీ మిక్సర్ మోడల్, మైక్ పేరు రాస్తే ఆక్స్ ప్రీ-ఫేడర్‌కి ఎక్కడ మార్చాలో చూసి చెబుతాను.