నల్లబడిన జరీ, వెనక టిచ్ బటన్లు

ప్ర: మేం డాలస్‌లో ఉంటాం. మా వీధిలో గ్యారేజ్ సేల్‌లో ఒక గుడ్డ ప్యాచ్ కొన్నాను. డాలు ఆకారం, కింద ఎరుపు తెలుపు నిలువు చారలు, పైన నీలం మీద సూర్యుడు, పక్కన నక్షత్రం. వెండి జరీ, బాగా నల్లబడింది. అమ్మినాయన 'మా తాతది, యుద్ధంలో ఇండియాలో లారీ తోలాడు' అన్నాడు. లారీ డ్రైవర్‌కి జరీ పని ఏంటండీ? పైగా వెనక నాలుగు టిచ్ బటన్లు! డూప్లికేటేమోనని డౌటు.

జ: ఆ బటన్లు చూసి డౌటు పడకండి. అది రెండో ప్రపంచ యుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికన్ల ప్యాచ్. పొట్టిగా సీబీఐ అనేవాళ్లు (మన సీబీఐ కాదులెండి). నక్షత్రం ఇండియాకి, పన్నెండు కిరణాల సూర్యుడు చైనాకి, చారలు అమెరికాకి. బర్మాకి మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు, చైనాకి రోడ్డు వేసింది దాని అడవుల్లోంచే అయినా.

ఇది ఏ ఒక్క దళానిదో కాదు, ఆ రంగం మొత్తానిది, కాబట్టి జనరల్‌కీ వంటవాడికీ లారీ డ్రైవర్‌కీ భుజం మీద ఇదే. అసలు అక్కడ తుపాకీ పట్టి అడవుల్లో పోరాడిన అమెరికన్లు తక్కువ, పేరుమోసిన మెరిల్ దళమే సుమారు 3,000 మంది. మిగతావాళ్లంతా సరుకు దించడం, విమానాల్లో హిమాలయాలు దాటించడం, ఆసుపత్రులు, రోడ్డు పని. అస్సాంలోని లెడో నుంచి 1942 డిసెంబరులో అమెరికన్లు మొదలుపెట్టిన రోడ్డు మీద, 1945 జనవరి 12న బయల్దేరిన మొదటి లారీల వరస చైనాలోని కున్మింగ్ చేరేసరికి ఫిబ్రవరి 4 అయింది, దాదాపు 1,700 కిలోమీటర్లు మరి. ఆ రోడ్డు వేసిన అమెరికన్ సైనికుల్లో సగానికి పైగా నల్లజాతివాళ్లు.

ఇక జరీ. అమెరికాలో మిషన్ మీద కుట్టినవి ఉన్నా, ఇండియాకొచ్చిన కుర్రాళ్లు చాలామంది మన బజార్లలో చేత్తో కుట్టించుకున్నారు. ఇప్పుడు పెళ్లి జాకెట్లకి చేయించే మగ్గం వర్క్ లాంటిదే: స్ప్రింగులా చుట్టిన సన్న తీగని చిన్న ముక్కలుగా కత్తిరించి, పూసలా సూదికి ఎక్కించి కుడతారు. భూతద్దం పెట్టి చూడండి, ఒక్కో కిరణం ఒక్కో పొడవుంటే అది చేతిపనే. అంత జరీని మన చాకిరేవు బండకి వేసి బాదితే ఏముంటుంది? అందుకే కొందరు వెనక టిచ్ బటన్లు పెట్టించుకుని, చొక్కా ఉతుకుకి వేసేముందు ఊడదీసేవాళ్లు.

అతినీల కాంతి టార్చ్ వేసినప్పుడు దారాలు తెల్లగా మెరిస్తే మాత్రం కొత్త సరుకు కావచ్చు. ఉతకొద్దు, వెండి పాలిష్ అసలొద్దు, పాత నూలు గుడ్డలో మడత పడకుండా ఉంచండి. వీలైతే మళ్లీ అమ్మినాయన దగ్గరికెళ్లి తాత పేరు, యూనిట్ నంబరు రాయించుకోండి, ఈ ప్యాచ్ చూసి ఆ రెండూ ఎవరూ చెప్పలేరు.