అమ్మను చూసుకుంటూ విసుక్కుంటున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. ఏం చేయాలి?

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అమ్మ అడిగిందే అడుగుతుంటే కసురుకుంటున్నారు, ఆ తర్వాత మీలో మీరే కుమిలిపోతున్నారు. దూరంగా ఉన్న అన్నయ్యేమో ఫోన్‌లో "ముందు నీ ఆరోగ్యం చూసుకో" అంటారు, ఎలాగో చెప్పరు. మీరు అడిగింది ఇదే కదా. మా నాన్నకూ ఇదే జబ్బు. చివరిదాకా ఇంట్లో నేనే చూసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ కోపం సంగతి. నాన్నను చూసే డాక్టర్ ఒకసారి నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. జారిట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1980లో తెచ్చిన ప్రశ్నావళి అది. ఇప్పుడు ఎక్కువగా వాడే దాంట్లో 22 ప్రశ్నలుంటాయి, అన్నీ రోగి గురించి కాదు, చూసుకునేవాళ్ల గురించి. రోగి దగ్గరున్నప్పుడు కోపం వస్తోందా, ఈ బాధ్యత ఇంకెవరికైనా అప్పగించేస్తే బాగుండునని అనిపిస్తోందా అని సూటిగా అడుగుతుంది. ఎవరికీ చెప్పుకోలేక నేను దాచుకున్నవన్నీ అందులో అచ్చులో ఉన్నాయి! ఎంతమందికి అలా అనిపిస్తేనో కదా ఫారంలోకి ఎక్కిస్తారు. నాకెన్ని మార్కులొచ్చాయో గుర్తులేదు గానీ, డాక్టర్ గదిలో ఎవరైనా నా గురించి అడగడం అదే మొదలు.

విసుగు అడుగున ఉండేది చాలాసార్లు దుఃఖమే. అమ్మ ఎదురుగానే ఉంటుంది, మీకు తెలిసిన అమ్మ మాత్రం ఉండదు. ఎవరూ పోలేదు కాబట్టి ఓదార్చడానికీ ఎవరూ రారు. పాలీన్ బాస్ అనే ఆవిడ ఈ రకం దుఃఖం మీదే దశాబ్దాలు పనిచేశారు. అది చదివాక నాకు కోపం రావడం ఆగలేదు, వచ్చినందుకు నన్ను నేను తిట్టుకోవడం తగ్గింది.

ఇక ఆరోగ్యం. అమ్మ దగ్గర ఇంకొకరు కూర్చుంటే తప్ప మీ ఆరోగ్యం మీరు చూసుకోలేరు. "కాస్త సాయం చెయ్యండి" అంటే "అయ్యో, ఏం కావాలన్నా చెప్పు" అంటారు, అక్కడితో సరి. అందుకే మా చెల్లితో "ప్రతి శనివారం నాలుగు నుంచి ఏడు దాకా నాన్న దగ్గర నువ్వుండు, నేను ఇంట్లో ఉండను" అన్నాను. మొదట్లో మాత్రలెక్కడ, బట్టలెలా మార్చాలి అని ఊరికే ఫోన్ చేసేది. తర్వాత మానేసింది. ఆ టైంని బయటి పనులకు మాత్రం వాడకండి. నేను చాలాసార్లు స్నేహితురాలింటికి వెళ్లి నిద్రపోయేదాన్ని.

మీ అన్నయ్య దూరంగా ఉన్నా చేయగలిగినవి ఉన్నాయి: మందుల ఆర్డర్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, అపాయింట్‌మెంట్లు, రోజూ ఒకే టైంకి అమ్మతో వీడియో కాల్. తాను రాలేకపోతే రాత్రిపూట మనిషిని పెట్టుకోవడానికి డబ్బు పంపాలి. అడగడానికి మొహమాటపడకండి. 1995లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం గురించి కూడా ఆయనకు చెప్పండి: డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే ఆడవాళ్లకు చర్మం మీద చిన్న గాయం మానడానికి మిగతావాళ్లకంటే సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఈ టెన్షన్ ఒంటికీ పాకుతుంది మరి.

మాట్లాడుకోవడానికైతే ఇదే పనిలో ఉన్నవాళ్లను వెతుక్కోండి. "నీలాంటి బిడ్డ ఉండాలి" అని పొగిడేవాళ్ల దగ్గర మనసులో మాట చెప్పలేం, ఆ పొగడ్తే నోరు కట్టేస్తుంది. సపోర్ట్ గ్రూపులో అలా కాదు, బయటివాళ్లు విస్తుపోయే మాటలకు కూడా నవ్వేసేవాళ్లం. గ్రూపు దొరక్కపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసపోర్ట్ (iSupport) అనే ఉచిత శిక్షణ చూడండి. చూసుకునేవాళ్ల సొంత బాగోగుల కోసం అందులో ఒక భాగమే ఉంది.

చెయ్యి లేస్తుందేమో అనిపించిన క్షణాన, అమ్మ పడిపోయే ప్రమాదం లేదని చూసుకుని పక్క గదిలోకి వెళ్లిపోండి. అలా పదేపదే అవుతున్నా, నిద్ర పట్టకపోతున్నా మీ కోసం డాక్టర్‌ని కలవండి, అమ్మకు తోడుగా వెళ్లినప్పుడు కాదు, విడిగా. చచ్చిపోతే బాగుండునని ఒక్కసారి అనిపించినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కో హెల్ప్‌లైన్‌కో చెప్పండి.