ఒక కాలే కనబడితే తాడు కట్టకండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పలమనేరు దగ్గర పల్లె. ఐదు ఆవులున్నాయి, ఇల్లంతా వాటి మీదే నడుస్తోంది. పోయిన నెల తొలి ఈత పెయ్య రాత్రి పదిన్నరకు నీటిబుడ్డ వేసింది. పదకొండుకు ఒక కాలు కనబడింది, రెండోది రాలేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే పొద్దున చూద్దామన్నారు. ఒంటిగంట దాకా చూసి మా ఆయన, మరిది, పక్కింటివాళ్ళు ఇద్దరు ఆ కాలికి పలుపు కట్టి లాగారు. మూడింటికి దూడ పడింది, ప్రాణం లేదు. ఆవు మూడు రోజులు లేవలేదు. మా మామగారు దాని రాత అంతే అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. తప్పు ఎక్కడ జరిగింది? వచ్చే నెల ఇంకోటి ఈనాలి, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ మామగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇది రాత కాదు. రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది, రెండు గంటల పాటు ఊరికే చూడడం; రెండోది, చూడాల్సింది చూడకుండా లాగడం.

దూడ మామూలుగా ఎలా వస్తుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు రెండు గిట్టలు, అరికాళ్ళు నేలవైపు, వాటి మీద ఆనించినట్టు మోర. ఈత కొట్టేవాడు నీళ్ళలోకి దూకేటప్పుడు చేతులు చాపినట్టు ఉంటుంది. మీ దూడకు రెండో కాలు లోపల మోకాలి దగ్గర మడతపడో, మొత్తంగా పొట్ట కిందికి వెనక్కి పోయో ఉంటుంది. అలా ఉన్నప్పుడు భుజం, మడిచిన కాలు కలిసి ఎముకల దారికి అడ్డంగా కూర్చుంటాయి. బయటి కాలు లాగేకొద్దీ మేకు దిగినట్టు ఇంకా గట్టిగా బిగుసుకుంటుందే తప్ప రాదు. నలుగురు లాగితే చివరికి వస్తుంది, కానీ ఆ లాగుడుకు ఆవు తుంటి లోపలి నరాలు నలిగిపోతాయి, మీ ఆవు లేవకపోవడానికి నాకు తోచే కారణం అదే.

లాగడం కాదు, ముందు వెనక్కి నెట్టాలి. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ కష్టమైన ఈతలో సగం పని అదే. గోళ్ళు తీసి, ఉంగరాలు, గాజులు తీసేసి, చేతులు మోచేతి పైదాకా సబ్బుతో కడిగి, చూలు కట్టడానికి ఇంజక్షన్ వేసేవాళ్ళు తొడుక్కునే పొడవాటి ప్లాస్టిక్ గ్లవుజు వేసుకోవాలి (బ్రూసెల్లా అనే జబ్బు ఉమ్మనీటి ద్వారా మనుషులకు అంటుకుంటుంది, అందుకని గ్లవుజు మాత్రం మానకండి). ఆవు వెనక భాగం కూడా కడిగి, ఆవు ముక్కనప్పుడు, అంటే రెండు నొప్పుల మధ్య, నెమ్మదిగా చెయ్యి పెట్టాలి. నొప్పి వచ్చినప్పుడు చెయ్యి కదపకూడదు, తోసుకుపోకూడదు. లోపల తగిలింది ముందుకాలా, వెనకకాలా అనేది ఇలా తెలుస్తుంది: గిట్ట పైనున్న రెండు కీళ్ళూ ఒకే వైపుకి వంగితే ముందుకాలు, ఒకటి అటు ఒకటి ఇటు వంగితే వెనకకాలు. దూడ బతికుందో లేదో చూడాలంటే రెండు గిట్టల మధ్య చర్మం గిల్లండి, కాలు వెనక్కి లాక్కుంటుంది. నోట్లో వేలు పెడితే చప్పరిస్తుంది.

మోకాలి దగ్గర మడతపడిన కాలయితే, దూడను ఛాతీ మీద చేత్తో లోపలికి నెట్టి, ఆ ఖాళీలో గిట్టను అరచేతిలో దాచుకుని (గిట్ట మొన గర్భసంచిని చీల్చకుండా) ముందుకు తేవాలి. చెయ్యి తిరిగినవాళ్ళు ఐదు నిమిషాల్లో చేస్తారు. మీరు పది నిమిషాలు ప్రయత్నించి రాకపోతే ఆపేయండి. తల వెనక్కి తిరిగినా, కాళ్ళు కాకుండా తోక మాత్రమే తగిలినా అసలు ప్రయత్నించకుండా డాక్టరును పిలవండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ రెండు గిట్టలు కనబడ్డాయి కదా అని లోపల తల ఎక్కడుందో చూసుకోకుండా లాగించాను, అది పక్కకి తిరిగి పొత్తికడుపు వైపు ఉంది. ఆ ఇంటావిడ నన్నేమీ అనలేదు, కాఫీ ఇచ్చింది, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

మూడూ, అంటే రెండు కాళ్ళు, తల, సరిగ్గా వచ్చాకే తాడు. మెత్తని, ఉడకబెట్టిన నూలు తాడు. మొదటి ముడి గిట్ట పై కీలుకు పైన, రెండో చుట్టు కీలుకు కింద వెయ్యండి, బలం ఒక్కచోట పడి ఎముక విరగకుండా. ఇద్దరికి మించి లాగొద్దు. ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు, మార్చి మార్చి లాగితే భుజాలు ఒకటొకటిగా దాటుతాయి. ఆవు ముక్కినప్పుడే లాగాలి, అది ఆపితే మీరూ ఆపాలి. తల బయటపడ్డాక తాడు సూటిగా కాదు, కిందికి, ఆవు వెనక మోకాళ్ళ వైపుకి. నడుము దగ్గర ఇరుక్కుంటే దూడను కొంచెం పక్కకి తిప్పండి, వెడల్పు వైపు దారి దొరుకుతుంది. వెనకకాళ్ళే ముందు వచ్చే దూడ విషయంలో మాత్రం నడుము బయటికొచ్చాక ఆలస్యం చెయ్యకూడదు, బొడ్డు నొక్కుకుపోయి లోపలే ఊపిరాడక పోతుంది.

ఎప్పుడు పిలవాలి అంటారా? నీటిబుడ్డ పగిలాక ముప్పావుగంట గట్టిగా ముక్కుతున్నా ఏమీ ముందుకు రాకపోతే పిలవాల్సిందే. తొలి ఈతకు మొత్తం రెండు గంటల వరకు పట్టొచ్చు, కానీ అరగంటకోసారి ఏదో ఒక మార్పు కనిపించాలి. ఒక కాలే కనబడితే ఆ లెక్కే లేదు, వెంటనే. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది, ఆ నంబరు కొట్టం గోడ మీద సుద్దతో రాసి పెట్టండి, స్థానిక డాక్టరుది, ఇంకొకరిది కూడా. ఫోనులో "ఆవు ఈనుతోంది" అనకండి, "నీటిబుడ్డ పగిలి గంటయింది, ఒక కాలు బయట, ఒకటి లోపల" అనండి, అప్పుడు పొద్దున దాకా ఆగమని ఎవరూ అనరు. ఈలోగా ఎవరైనా నొప్పులు పెరగడానికి ఇంజక్షన్ ఇస్తామంటే వద్దనండి. దూడ అడ్డంగా ఉండగా ఆ మందు పడితే గర్భసంచి చిరిగిపోతుంది.

దూడ పడగానే ముక్కులో, నోట్లో జిగురు తీసి, ముక్కులో గడ్డిపరకతో గిలిగింత పెట్టండి, తుమ్ముతూ ఊపిరి తీస్తుంది. పొడి గోనెసంచితో గట్టిగా రుద్దండి, ఛాతీ నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. తలకిందులుగా వేలాడదీసే అలవాటు మానుకోండి, అలా కారేది ఎక్కువగా పొట్టలోని నీరే. బొడ్డుకు టించర్ అయొడిన్, గంటా రెండు గంటల్లో ముర్రుపాలు. ముప్పై కిలోల దూడకు మొదటి ఆరు గంటల్లో రెండు మూడు లీటర్లయినా పోవాలి.

వచ్చే నెల ఈనబోయే ఆవుకు చూలు సూది వేయించిన తేదీ నుంచి 280 రోజులు లెక్కేసి క్యాలెండరులో గీత పెట్టండి. ఇకముందు ఏ చిన్న పెయ్యకయినా సూది వేయించేటప్పుడు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద జాతి) వద్దు, జెర్సీ అనండి, దూడ చిన్నగా పుడుతుంది. ఇంకో చిట్కా ఉంది. కెనడాలోని మానిటోబాలో గస్ కొనెఫాల్ అనే పశుపాలకుడు మేత రాత్రి పొద్దుపోయాక వేయడం మొదలుపెడితే ఎక్కువ ఆవులు పగలే ఈనాయని గమనించాడు. తర్వాత వేరేచోట్ల చూసినా దాదాపు అలాగే తేలింది. చివరి నెల రోజులు పెద్ద మేత సాయంత్రం చీకటి పడ్డాక వేసి చూడండి. ఖర్చేమీ లేదు.

ప్రశ్న: మా గేదె ఈనిన మర్నాటికి కూడా మాయ పడలేదు. బయటికి వేలాడుతున్న దానికి చెప్పు కట్టమన్నారు, కట్టాం. తప్పా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: తప్పే. వెంటనే విప్పండి. బరువు లాగితే మాయ తెగి సగం లోపలే ఉండిపోతుంది, అది కుళ్ళుతుంది. సామాన్యంగా ఎనిమిది, పన్నెండు గంటల్లో పడాలి. దాటిందంటే చేత్తో పీకించకండి, డాక్టరుకు చూపించండి. మేత మానినా, ఒళ్ళు కాలుతున్నా ఈ రోజే పిలవండి. వేలాడే భాగాన్ని కుక్కలు పట్టుకోకుండా చూసుకోండి. పడ్డ మాయను చేతులకు గ్లవుజు వేసుకుని లోతుగా పాతిపెట్టండి. గేదె తినేసిందేమోనన్న అనుమానం కూడా డాక్టరుకు చెప్పండి, కొన్నిసార్లు జరిగేది అదే, మనం చూడకపోతాం.