ఆటగాడి సందేహాలు: 51కే ఎందుకు కుప్పకూలారు?

ప్రశ్న: మా జట్టు ఇన్నాళ్లూ టెన్నిస్ బంతితోనే ఆడింది. మొదటిసారి టర్ఫ్ పిచ్ మీద లెదర్ బంతితో 30 ఓవర్ల మ్యాచ్ ఆడాం. అవతలివాళ్లు 214 కొడితే మేం 16 ఓవర్లలో 51కే ఆలౌట్. ఐదుగురు బౌల్డ్, ఒకరు ఎల్బీ, ముగ్గురు కీపర్‌కో స్లిప్‌కో క్యాచ్, ఒకరు రనౌట్. వాళ్ల బౌలర్లు మరీ వేగమేం కాదు. పది రోజుల్లో మరో మ్యాచ్ ఉంది.
- ఒక కెప్టెన్, తెనాలి

జవాబు: సగం జవాబు మీ స్కోరు బుక్‌లోనే ఉంది. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. గుడ్ లెంగ్త్‌లో, అంటే బ్యాటర్‌కి కాస్త ముందు పడితే నడుం దాకా లేస్తుంది, కాలు పక్కకి తీసి ఊపినా తగులుతుంది. లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు. అదే చోట పడి మోకాలి ఎత్తులో జారుకుంటూ వస్తుంది. కుట్టు మీద పడితే కాస్త పక్కకి తిరుగుతుంది కూడా. కాలు ముందుకు పడకుండా బ్యాట్ అడ్డంగా వస్తే ప్యాడుకీ బ్యాటుకీ మధ్య బంతి దూరేంత సందు ఉంటుంది. మీవాళ్లు బౌల్డ్ అయింది బహుశా అక్కడే. ఒంటికి దూరంగా చేతులు చాపినవాళ్లకి అంచు తగిలింది.

ముందు గార్డ్, అంటే స్టంప్స్ ముందు నిలబడే చోటు, మార్చండి. మిడిల్ స్టంప్ తీసుకుని నిలబడితే తల దాదాపు ఆఫ్ స్టంప్ లైన్‌లోకి వస్తుంది. కంటికి బయటగా పోయే బంతిని ధైర్యంగా వదిలేయొచ్చు. బంతిని వదిలేయడం కూడా ఒక షాటే. టెన్నిస్ బంతి ఆటలో ఎవరూ నేర్పని షాట్ అది.

ప్రాక్టీసుకి ఆరు పాత లెదర్ బంతులు చాలు. హెల్మెట్, ప్యాడ్లు, పొత్తికడుపు గార్డ్ పెట్టుకుని నిలబడండి. 15 గజాల నుంచి ఒకరు త్రోడౌన్లు (చేత్తో విసిరే బంతులు) వేయాలి, బంతి స్టంప్స్‌కి 6-7 మీటర్ల ముందు పడాలి. ఒక్కొక్కరికి రోజుకి 60 బంతులు. మొదటి 20 వదిలేయడం, అడ్డుకోవడం మాత్రమే. తర్వాతి 20కి కింది చేతి పట్టు వదులు చేసి, బంతిని కాళ్ల దగ్గరే పడేయాలి. చివరి 20కి అవతల ఒకరిని నిలబెట్టి, పిలిచి సింగిల్ తీయాలి. రనౌట్‌కీ మందు అదే. భయంతో లెగ్ వైపు జరిగే అలవాటున్నవాళ్ల వెనక కాలి మడమ వెనక ఒక చెప్పు పెట్టండి. తగిలిందంటే జరిగినట్టే.

215 కొట్టాలంటే ఓవర్‌కి ఏడు పైచిలుకు. ఆ అంకె చూసి మూడో ఓవర్లోనే గాల్లోకి ఊపుతారు, జట్లు కూలేది అందుకే. మొదటి 10 ఓవర్లలో 45, రెండు వికెట్లకి మించి పోకుండా. తర్వాతి పదిలో 65. చివరి పదిలో 105 కష్టమే, కానీ వికెట్లు చేతిలో ఉంటేనే ఆ ప్రయత్నమైనా చేయగలరు. నాలుగు వికెట్లు త్వరగా పడితే లక్ష్యం మరిచిపోయి 30 ఓవర్లూ ఆడండి. ఎప్పుడూ ఇద్దరు ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండాలి. హడావిడిగా గ్లవ్స్ వెతుక్కుంటూ వచ్చినవాడు మొదటి బంతికే పోతాడు.

కుంగిపోకండి. 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో టీమిండియా 36కే ఆగిపోయింది, ఒక్కరూ రెండంకెల స్కోరు చేయలేదు. మూడు వారాల తర్వాత సిడ్నీలో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23తో నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. 30 ఓవర్ల ఆటలో అంత నెమ్మది పనికిరాదు గానీ, బంతిని కంటి కిందే ఆడిన పద్ధతి మాత్రం మీరు నేర్చుకోవాల్సిందే.

ప్రశ్న: కొత్త ఇంగ్లిష్ విల్లో బ్యాట్ రెండో మ్యాచ్‌కే అడుగున చీలింది. నాసిరకమా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలాసార్లు తప్పు బ్యాట్‌ది కాదు, తయారుచేయకుండా ఆడటం వల్ల. పచ్చి అవిసె నూనె (మరిగించినది కాదు) చెంచాడు తీసుకుని ముఖం, అంచులు, అడుగుకి పల్చగా రాసి, పడుకోబెట్టి ఒక రోజు ఆరనివ్వండి. రెండు పూతలు చాలు. హ్యాండిల్ కలిసే చోట నూనె తగలకూడదు, జిగురు వదులవుతుంది. ముఖం మీద షీట్ అంటించి ఉంటే చెక్క కనిపించే చోటే రాయండి. తర్వాత చెక్క సుత్తితో మొత్తం నాలుగైదు గంటలు, రోజుకి అరగంట చొప్పున కొట్టండి. అంచుల్ని ఏటవాలుగా, మెల్లగా కొట్టాలి. అడుగుభాగాన్ని నేరుగా ఎప్పుడూ కొట్టొద్దు. మంచు పడ్డ పొద్దుటి పిచ్ మీద బ్యాట్ ఆనిస్తే అడుగు తేమ పీల్చి ఉబ్బుతుంది, యార్కర్ తగలగానే చీలుతుంది. అడుగుకి రబ్బరు టో గార్డ్ అంటిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.