భుజం కీలు మార్చినా చెయ్యి లేవలేదు: ఆ ఎంఆర్‌ఐ రిపోర్టు ఎక్కడ?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మకు 68 ఏళ్ళు. కుడి భుజం అరిగిపోయిందని కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 2024 ఆగస్టు 19న కీలు మార్చారు. రూ.3.40 లక్షలు కట్టాం. 21 నెలలైనా చెయ్యి భుజం ఎత్తుకు లేవడం లేదు. జడ వేసుకోలేక రోజూ ఏడుస్తోంది. డాక్టరును అడిగితే మా మొహం కూడా చూడలేదు. బెంగళూరులో ఇంకో డాక్టరు, కండరాలు ముందే తెగి ఉంటే రివర్స్ రకం వేయాల్సింది అన్నారు. నిలదీద్దామని పాత ఎంఆర్‌ఐ, డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్తే ఆసుపత్రివాళ్ళు తీసుకుని తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు ‘మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అని స్టాంపు కాగితం మీద సంతకం పెడితే ఉచితంగా మళ్ళీ ఆపరేషన్ చేస్తామని వాట్సాప్‌లో నమూనా పంపారు. మా బావ పోలీసు కేసు పెట్టమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: డాక్టరు మొహం చూడలేదని కేసు నడవదు. చెయ్యి లేవలేదని కూడా నడవదు. అనుకున్న ఫలితం రాకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదు. మీ కేసును తేల్చేది ఒక్కటే. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్‌ఐ రిపోర్టులో రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాలు) గురించి ఏం రాశారు, అది చేతిలో ఉండగా ఏ రకం కీలు వేశారు?

మామూలు రకంలో చేతి ఎముక మీద లోహపు బంతి, రెక్క ఎముక గుంటలో ప్లాస్టిక్ గిన్నె పెడతారు. బంతి గిన్నెలో కుదురుగా నిలవాలంటే చుట్టూ ఉన్న నాలుగు కఫ్ కండరాలు పనిచేయాలి. అవి కుట్టడానికి వీల్లేనంతగా తెగి ఉంటే బంతి పైకి జారుతుంది, ఒత్తిడంతా గిన్నె ఒక అంచు మీద పడి అది వదులవుతుంది. అలాంటివారి కోసమే రివర్స్ రకం ఉంది. అందులో బంతిని రెక్క ఎముకకు బిగిస్తారు, గిన్నెను చేతి ఎముక మీద పెడతారు. చెయ్యి ఎత్తే పనిని భుజం మీది డెల్టాయిడ్ కండరం తీసుకుంటుంది. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలో బంతి ఏ వైపు ఉందో మీరే చూసుకోవచ్చు.

ఆ రిపోర్టులో కఫ్ పూర్తిగా తెగి వెనక్కి లాగేసిందనీ, కండరానికి కొవ్వు పట్టిందనీ ఉండి, మామూలు రకమే వేసి ఉంటే, ఎందుకు వేశారో వాళ్ళే చెప్పుకోవాలి. కఫ్ బాగుందని ఉంటే మీ కేసు బలహీనం. ఆపరేషన్‌లో ముందువైపు కండరాన్ని విడదీసి మళ్ళీ కుడతారు. ఆ కుట్టు తర్వాత ఊడిపోవడం తెలిసిన ఇబ్బందే. స్లింగ్ సరిగ్గా వాడలేదు, తొందరపడి బరువులెత్తింది అని కూడా ఆసుపత్రివాళ్ళు అంటారు. అందుకే ఫిజియోథెరపీ చీటీలు ఒక్కటి కూడా పారేయకండి.

అసలు కాగితాలు రసీదు లేకుండా ఎదుటిపక్షం చేతిలో పెట్టి వచ్చారు. కేసుకు ప్రాణమైనది ఇంత అజాగ్రత్తగా ఇచ్చేస్తారా? జిరాక్సు ఇచ్చి ఉంటే సరిపోయేది. ఇప్పుడైనా స్కాన్ తీసిన సెంటరుకు వెళ్ళి, తేదీ చెప్పి, రిపోర్టు నకలు, సీడీ అడగండి. ఆసుపత్రికి మీ అమ్మగారి సంతకంతో లేఖ రాసి స్పీడు పోస్టులో పంపండి: పూర్తి కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, సమ్మతి పత్రం, ఇంప్లాంటు స్టిక్కర్లున్న పేజీ, బిల్లులు. 2002 వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రి వాటిని భద్రపరచాల్సింది మూడేళ్ళే, అదీ చికిత్స మొదలైన రోజు నుంచి. ఇవ్వకపోతే ఆ లేఖ, డెలివరీ రుజువు వినియోగదారుల కమిషన్ ముందు మీకు పనికొస్తాయి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళు. ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేసుకోండి, అంటే 2026 ఆగస్టు 18 లోపే ఫిర్యాదు దాఖలు కావాలి. తప్పు జరిగిందని బెంగళూరులో చెప్పినప్పుడే తెలిసింది అని వాదించవచ్చు గానీ దాని మీద ఆధారపడకండి. శ్రీఖండే కేసులో (2010) కడుపులో గాజుగుడ్డ తొమ్మిదేళ్ళ తర్వాత బయటపడినా, అన్నేళ్ళు నొప్పి పడుతూ ఎందుకు చూపించుకోలేదని సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును గడువు దాటిందని కొట్టేసింది. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన, రాజీ మాటలు నడిచినంత మాత్రాన గడువు ఆగదు.

ఆ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. పెట్టారంటే కమిషన్ ముందు వాళ్ళు చూపించే మొదటి కాగితం అదే అవుతుంది. పైగా ఆపరేషన్ ఇవాళ, రేపు అంటూ ఆగస్టు దాటించేస్తారు. ఆ వాట్సాప్ సందేశాన్ని మాత్రం తేదీతో సహా దాచండి, ఫోను మార్చకండి.

పోలీసు కేసు వద్దు. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా మరో డాక్టరు స్వతంత్ర అభిప్రాయం కూడా కావాలి. అది తిరుగుతుండగా మీ రెండేళ్ళు అయిపోతాయి.

ఫిర్యాదు మీ అమ్మగారి పేరుతోనే వేయండి, మీరు అధీకృత ప్రతినిధిగా నడపండి. కర్నూలు తిరగనక్కర్లేదు, నివాసం ఉన్న జిల్లాలో వేయవచ్చు కాబట్టి కడప జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. డాక్టరునూ ఆసుపత్రినీ ఇద్దరినీ చేర్చండి. బెంగళూరు డాక్టరు నోటిమాటకు విలువ లేదు. ఆయన దగ్గరో, ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల నిపుణుడి దగ్గరో రాతపూర్వకంగా, అఫిడవిట్‌తో అభిప్రాయం తీసుకోండి. ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో కిషన్‌రావు కేసులో చెప్పింది గానీ, ఏ రకం కీలు వేయాలన్నది నిపుణుడు లేకుండా తేలే విషయం కాదు.

కేసు కోసం రెండో ఆపరేషన్ ఆపకండి, వేరే ఆసుపత్రిలో చేయించండి. ముందుగా కొత్త ఎక్స్‌రే, సీటీ, ఇన్ఫెక్షన్ రక్తపరీక్షలు తీయించి ఉంచుకోండి. ఆపరేషన్‌లో కఫ్ ఎలా కనిపించిందో నోట్సులో స్పష్టంగా రాయమని సర్జన్‌ను ముందే అడగండి. లోపలి కణజాలాన్ని కల్చర్‌కు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు) పంపి 14 రోజులు ఉంచమనండి. భుజంలో చేరే ఒక సూక్ష్మజీవి అంత నెమ్మదిగా పెరుగుతుంది, అది బయటపడితే కేసు దారే మారుతుంది. తీసేసిన పాత కీలును సీలు వేయించి, రాతపూర్వకంగా మీ చేతికి తీసుకోండి.