పాఠకుల ప్రశ్నలు: అతడు తిరిగి రావాలా?

ప్రశ్న: నేను దేవరకొండ నుంచి రోజూ బస్సులో నల్లగొండ వెళ్లి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రేమలో దెబ్బతిన్న ఒక అమ్మాయి గురించి చిన్న నవల రాశాను, రాతప్రతి పంపుతున్నాను. రెండేళ్లు ప్రేమించిన అబ్బాయి కారణం చెప్పకుండా మాట్లాడటం మానేస్తాడు. ఆమె కుంగిపోయి, తేరుకుని, పట్టుదలతో చదివి గ్రూప్-1 అధికారి అవుతుంది. చివరికి అతడు వచ్చి క్షమించమంటాడు, ఆమె కాదంటుంది. స్నేహితులందరికీ నచ్చింది గానీ మా మేడమ్ మాత్రం ‘పిల్లకు కొలువు వచ్చింది, పిల్ల ఎదగలేదు’ అన్నారు. నా లోపం ఎక్కడ? సంభాషణలు మా ఊరి మాటలో రాయవచ్చా?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ నవల శ్రద్ధగా చదివాను. మీ మేడమ్ గారు చెప్పినది నిజం. తెల్లవార్లూ పుస్తకాల ముందు కూర్చున్న పుటలన్నిటిలోనూ మీ నాయిక మనసులో మెదిలేది ఒక్కటే, ఏనాటికైనా అతడు తనను చూసి పశ్చాత్తాపపడాలని. అంటే విడిపోయిన రోజున ఆమె విలువను తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, చివరి పుటలోనూ వారి చేతిలోనే ఉన్నది. అతడు రాకపోయి ఉంటే ఏమయ్యేది? ప్రిలిమ్స్‌లో ఒక్క మార్కు తగ్గి ఉంటే ఏమయ్యేది? గ్రూప్-1 కొలువు దొరికేది రాసినవారిలో చాలా కొద్దిమందికే కనుక, దొరకని పిల్లలు మీ పుస్తకం చదివి తమకు విలువ లేదనే అనుకుంటారేమోనని నాకు బాధ కలిగింది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోసెన్‌బర్గ్ హైస్కూలు విద్యార్థులను పరిశీలించి, 1965లో అచ్చయిన తన పుస్తకంలో ఆత్మగౌరవాన్ని కొలిచేందుకు పది వాక్యాలు పొందుపరిచారు. వాటిలో ఒకటి, కనీసం తక్కినవారితో సమానంగానైనా నేను విలువగల మనిషినే అనే భావం. తక్కినవారికంటే మిన్న కావాలని ఆయన అడగలేదు. మీ నాయికకు కావలసినది ఆ సమానత్వం, మీరు ఇచ్చినది గెలుపు.

అయితే ఆమె ఎదిగిన ఘట్టం మీ నవలలోనే ఉన్నది. అతడు కొండమల్లేపల్లిలో బస్సెక్కేవాడు కాబట్టి ఆమె దేవరకొండలోనే పక్క సీటు మీద దస్తీ వేసి ఉంచేది. మాటలు ఆగిపోయిన తరువాత కూడా ఒక ఉదయం చెయ్యి అలవాటుగా దస్తీ వేసింది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లతో కిక్కిరిసి వెళ్లే ఆ బస్సులో, ఒక ముసలామె గంపను కాళ్ల సందున పెట్టుకుని నిలబడి, ‘ఎవరన్న వస్తరా బిడ్డా?’ అని అడిగింది. ఈ పిల్ల దస్తీ తీసి, ‘ఎవరు రారు, కూసో అవ్వా’ అన్నది. ఇంతటి సన్నివేశాన్ని మీరు నాలుగు వాక్యాల్లో దాటించి వెంటనే కోచింగ్ సెంటరుకు వెళ్లిపోయారు! నా మాట విని అక్కడ ఆగండి. ‘ఎవరు రారు’ అన్న మాట తన నోట తొలిసారి విన్నప్పుడు ఆమెకు ఏమనిపించింది, గుర్రంపోడు దాటేదాకా కిటికీలోంచి ఏమి చూసింది, పక్కన కూర్చున్న అవ్వ ఏమేమి అడిగింది, ఇవన్నీ రాయండి.

కథ నడవాలంటే పెద్ద సంఘటనలు ఉండి తీరాలని అనుకోవద్దు. నవీన్ గారి ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే విద్యార్థి ఒక్క రోజులో లోలోపల పడిన ఆరాటమే ఆ నవలంతా. ఆ ఒక్క రోజుతోనే తెలుగు నవల ఎంత దూరం వెళ్లగలిగిందో చూడటానికైనా మీరు దాన్ని చదవాలి.

ఇక ముగింపు. అతడు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆమె ఆనాటికి వేరే పనిలో నిమగ్నమై ఉండాలి, అతని క్షమాపణ వినడానికి ఆమెకు తీరిక ఉన్నదో లేదో ఆమే చెప్పాలి. ఉద్యోగం ఉంచినా తీసివేసినా నాకు అభ్యంతరం లేదు. అతడు ఎందుకు మానేశాడో చివరిదాకా తెలియకుండా ఉంచడం మీరు చేసిన మంచి పని, దాన్ని మార్చవద్దు. నిజ జీవితంలో చాలామంది పిల్లలకు ఆ కారణం ఎప్పటికీ తెలియదు.

సంభాషణల విషయంలో సంకోచం అక్కరలేదు, మీ ఊరి మాటలోనే రాయండి. తల్లి, అవ్వ, కండక్టరు ఇప్పటికే చక్కగా మాట్లాడుతున్నారు. నాయిక ఒక్కతే పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నది, ఆమెకు కూడా ఆ మాటే ఇవ్వండి.